భుజం మీది బ్యాడ్జి: తేడాగా ఉందని పడేయకండి

ఇంగ్లండులో ఉండేవాళ్ళు చారిటీ షాపుల్లోనో, కార్ బూట్ సేల్‌లోనో చూసే ఉంటారు. అరచేతిలో సగం ఉండే గుడ్డముక్క, దాని మీద గద్దో, ఎలుకో, కత్తో. బ్రిటిష్ సైన్యంలో డివిజన్లు, బ్రిగేడ్లు భుజానికి కుట్టుకున్న గుర్తులవి. ఫార్మేషన్ బ్యాడ్జీలంటారు. నంబరు వేస్తే ఏ దళమో శత్రువుకి తెలిసిపోతుందని బొమ్మ పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మొదలైనా, 1940 తర్వాతే ఇవి బాగా పెరిగాయి.

చిక్కెక్కడంటే, ఒకే బ్యాడ్జి పది రకాలుగా దొరుకుతుంది. పుస్తకంలో బొమ్మలా లేకపోతే కొందరు నకిలీ అని పక్కన పడేస్తారు. కొందరు అమ్మకందార్లేమో అదే ముక్కని "చాలా అరుదు" అంటూ రేటు పెంచేస్తారు. రెండూ తొందరపాటే. ముందు అడగాల్సింది, ఇది ఎక్కడ, దేంతో తయారైంది అని. జాకెట్లు కుట్టించుకున్న మనకి ఈ పని బాగానే వస్తుంది లెండి.

యుద్ధం ముదిరాక దారం, కుట్టుపని పొదుపు చెయ్యాల్సొచ్చి, బ్రిటన్‌లో నూలు గుడ్డ మీద అచ్చు వేసిన బ్యాడ్జీలు ఇచ్చారు. చవకగా కనిపిస్తాయి, కానీ అసలువే. ఈజిప్టులో, ఇటలీలో ఉన్న దళాలు అక్కడి దర్జీల చేత చేయించుకున్నాయి. ఇటలీలో చేసినవాటిలో జరీ పని కూడా కనిపిస్తుంది. 4వ ఇండియన్ డివిజన్ గుర్తు నల్లటి గుడ్డ మీద ఎర్ర గద్ద. ఆ దళం ఉత్తర ఆఫ్రికా నుంచి ఇటలీలోని కసినో దాకా పోరాడింది. కుట్టిన చేతిని బట్టి గద్ద ఒకచోట బక్కగా, ఒకచోట కోడిపిల్లలా ఉంటుంది! ఆ డివిజన్‌లో మద్రాస్ సాపర్స్ కంపెనీ కూడా ఉండేది. మద్రాస్ సాపర్స్‌లో తెలుగువాళ్ళూ ఉండేవారు కాబట్టి, మనవాళ్ళ ఇళ్ళల్లోనూ ఇలాంటిది దొరకొచ్చు.

ఇండియాలో చేసినవాటిని నేనైతే వెనక్కి తిప్పి చూస్తాను. కొన్నిటికి వెనక టిచ్ బటన్లో, నాడాలో ఉంటాయి. చొక్కా ధోబీకి వేసేముందు తీసేసి, మళ్ళీ పెట్టుకోవడానికి.

కొన్ని తేడాలు అసలు తేడాలే కావు. జంతువు ముఖం ముందుకే ఉండాలని కుడి, ఎడమ భుజాలకి ఎదురుబొదురుగా జత చేసేవారు. ఒక్కటే దొరికితే "తిరగబడింది" అనిపిస్తుంది. బర్మాలో పోరాడిన 14వ ఆర్మీ బ్యాడ్జిలో కత్తి మొన కిందికే ఉంటుంది. అది జనరల్ స్లిమ్ గీసిన బొమ్మ. తలకిందులుగా కుట్టలేదు.

7వ ఆర్మర్డ్ డివిజన్ ఎడారి ఎలుక కథ మరీ సరదా. మొదట తెల్లటి వృత్తంలో ఎర్ర ఎలుక. 1944లో వాళ్ళు ఇంగ్లండు వచ్చాక ఇచ్చిన కొత్త బ్యాడ్జిలో అది అచ్చం కంగారూలా ఉందని సైనికులే చిరాకు పడ్డారు. అంటే ఆ కంగారూ కూడా అసలుదే! నల్ల ఎలుక కనిపిస్తే 4వ ఆర్మర్డ్ బ్రిగేడ్‌ది, పచ్చది 7వ ఆర్మర్డ్ బ్రిగేడ్‌ది. వాటిని రంగు తప్పిన ముక్కలనుకోకండి.

మరి నకిలీ ఎలా తెలుస్తుంది? అంచు చుట్టూ మందంగా ఓవర్‌లాక్ చేసిన కుట్టు ఉంటే అనుమానించండి, అది తర్వాతి కాలం పద్ధతి. అల్ట్రావయొలెట్ టార్చి కింద దారం తెల్లగా మెరిసిపోతే కొత్త దారం కావచ్చు. తెల్లదనం కోసం కలిపే ఆ రసాయనాలు యుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చాయి. కానీ ఎనభై ఏళ్ళ బ్యాడ్జిని ఎవరైనా ఇప్పటి వాషింగ్ పౌడర్‌తో ఉతికినా అలాగే మెరుస్తుంది. ఆ ఒక్క పరీక్షతో తేల్చెయ్యొద్దు.

మీ ఇంట్లో ఉంటే ఉతకొద్దు, ఇస్త్రీ చెయ్యొద్దు, కోటు మీంచి విప్పొద్దు. వెనక వైపు కూడా ఫోటో తీసి, అది ఎవరి పెట్టెలో దొరికిందో కాగితం మీద రాసి దాంతోపాటే ఉంచండి.