యూదుల ఆసుపత్రి, కుగ్లర్ ఆసుపత్రి: పెరిగిన తీరు, పెంచినవారు

దర్శి నుంచి పెద్ద జబ్బుతో మనిషిని తీసుకొని బయలుదేరితే అటు ఒంగోలు, లేదంటే ఇటు గుంటూరు. తరాలుగా మన దారి ఇదే. గుంటూరు వెళ్ళివచ్చిన పెద్దవాళ్ళ నోట కుగ్లర్ ఆసుపత్రి పేరు వినని క్రైస్తవ కుటుంబం ఈ ప్రాంతంలో తక్కువ. ఆ పేరుగల డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారు 1856లో అమెరికాలోని ఫిలడెల్ఫియా పక్కన, ఆర్డ్‌మోర్‌లో పుట్టారు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు, 1865లో, ఆ ఫిలడెల్ఫియాలోనే యూదులు తమ ఆసుపత్రిని స్థాపించారు. ఈ రెండు ఆసుపత్రుల మధ్య చుట్టరికం ఏమీ లేదు. అయినా ఒకదాని చరిత్ర చదువుతుంటే రెండోది గుర్తుకు రాక మానదు.

యూదులకు వేరే ఆసుపత్రి ఎందుకు? మొదటి కారణం భోజనం. లేవీయకాండము పదకొండవ అధ్యాయం చదివినవారికి అది వివరించనక్కరలేదు. కోషెర్ కాని భోజనం పెట్టే చోట చేరడానికి భక్తిగల యూదుడు వెనుకాడేవాడు. రెండోది చెప్పుకోవడానికి మనకు కొంత ఇబ్బందిగానే ఉంటుంది. మరణ పడక మీద ఉన్న యూదుణ్ణి మతం మార్చుకోమని ఒత్తిడి చేస్తారన్న భయం వారికి ఉండేది, అది ఊరికే పుట్టిన భయం కాదు. మూడోది, యూదు వైద్యులకు ఇతర ఆసుపత్రులలో ఉద్యోగాలు దొరకడం కష్టంగా ఉండేది. సిన్సినాటిలో 1850లో, న్యూయార్క్‌లో 1852లో ఇలాంటి ఆసుపత్రులు మొదలయ్యాయి. న్యూయార్క్‌ది తొలినాళ్ళలో ప్రమాదాల పాలైనవారిని తప్ప యూదేతరులను చేర్చుకునేది కాదు. అంతర్యుద్ధం వచ్చింది, గాయపడిన సైనికులు వచ్చారు, తలుపులు తెరవక తప్పలేదు. 1866లో ‘యూదుల ఆసుపత్రి’ అన్న పేరు తీసేసి ‘మౌంట్ సినాయ్’ అని పెట్టుకున్నారు. పెద్దల నాయకత్వంలో మనకు మెచ్చదగినదిగా కనిపించేది ఇదే: తమవారి కోసం కట్టుకున్న చోట పక్కవాడికి చోటు ఇచ్చారు.

ఇప్పుడు గుంటూరు సంగతి. స్త్రీలకు వైద్యవిద్య నేర్పిన పెన్సిల్వేనియా కళాశాలలో 1879లో పట్టా పుచ్చుకొని, 1883లో లూథరన్ మిషను తరపున కుగ్లర్ గారు వచ్చారు. చిత్రమేమిటంటే ఆమెను డాక్టరుగా పంపలేదు. జెనానాలలో స్త్రీలకు చదువు చెప్పడానికి పంపారు. వైద్య పరిచర్యకు మిషను పెద్దలు ఇంకా సిద్ధంగా లేరు. ఆమె మాత్రం చదువు చెబుతూనే రోగులను చూడసాగారు, 1885లో మిషను ఆమెను వైద్యురాలిగా గుర్తించక తప్పలేదు. పురుష వైద్యుణ్ణి లోపలికి రానివ్వని ఇళ్ళలో కాన్పు కష్టమైతే ఆ తల్లికి మరో దిక్కు ఉండేది కాదు. 1893లో డిస్పెన్సరీ, 1898లో యాభై పడకల ఆసుపత్రి వచ్చాయి. నర్సు కాథరిన్ ఫాస్, డాక్టర్ మేరీ బేర్ ఆమెకు తోడయ్యారు.

ఇక్కడా వంటగది సమస్యే వచ్చింది. అగ్రవర్ణ కుటుంబాలు మిషను ఆసుపత్రిలో అన్నం ముట్టవు. ఇంటి మనిషి వండిపెట్టడానికి చోటు లేకపోతే రోగినే తీసుకురారు. తన కుటుంబానికి అందిన వైద్యానికి కృతజ్ఞతగా, ఏలూరు జమీందారు, కవి రాజా మంత్రిప్రగడ భుజంగరావు గారు హిందూ రోగుల బంధువుల కోసం ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించి ఇచ్చారు. మిషను ఆ కానుకను కాదనలేదు. కుల పట్టింపును ప్రోత్సహించినట్టు కాదా అని కొందరు పాఠకులు అడగవచ్చు, అడగవలసిన ప్రశ్నే. కాని బాలింత ప్రాణం పోతుండగా ఆ వాదన తేలేదాకా ఆగడం కుదరదని మేమనుకుంటున్నాం.

కుగ్లర్ గారు 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆసుపత్రికి ఆమె పేరు నిలిచింది. అసలు పరీక్ష ఆ తరువాతిది. వెల్లూరులో డాక్టర్ ఐడా స్కడ్డర్ గారు పెంచిన సంస్థకు 1940ల చివర భారతీయ నాయకత్వం అవసరమైనప్పుడు ఆ బాధ్యత తీసుకున్నది విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ గారు. మన తెలుగు క్రైస్తవ స్త్రీ. వెల్లూరు వెనుక ఎన్నో మిషన్లు, సంఘాలు కలిసి నిలబడ్డాయి, అందుకే అది పెరిగింది. ఒక్క మిషను డబ్బు మీద, ఒక్క దొరసాని పేరు మీద నడిచిన చిన్న ఆసుపత్రులు తెలుగునాట చాలావరకు కుంచించుకుపోయాయి.

అమెరికాలోనూ అలాగే జరిగింది. ఫిలడెల్ఫియా యూదుల ఆసుపత్రి 1952లో మరో రెండింటితో కలిసి ఐన్‌స్టీన్ వైద్య కేంద్రమైంది. బోస్టన్‌లో యూదుల బెత్ ఇజ్రాయెల్, మెథడిస్టు డీకనెస్‌లు స్థాపించిన ఆసుపత్రి 1996లో ఒక్కటయ్యాయి. సిన్సినాటిది 2010లో కాథలిక్ వైద్య సంస్థ చేతికి వెళ్ళింది. అమ్మితే వచ్చిన సొమ్ము మాత్రం మాయం కాలేదు. అది సమాజ నిధికి చేరింది, ఆ నిధి ఆ నగరంలో యూదుల సంస్థలకు ఇప్పటికీ సాయం చేస్తోంది.

గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయీం అనే కొద్దిపాటి తెలుగు యూదు కుటుంబాలున్నాయి. కూలినాలి చేసుకునేవారే ఎక్కువ. వారికంటూ ఆసుపత్రి లేదు. జబ్బు చేస్తే దర్శి మిరప కూలీలాగే వారికీ ధర్మాసుపత్రో, అప్పు చేసి ప్రైవేటు నర్సింగ్‌హోమో దిక్కు. మిషను ఆసుపత్రులు ఎవరి కోసం కట్టారో ఆ మనుషులు ఇంకా ఇక్కడే ఉన్నారు. ఆ ఆవరణలలో మిగిలిన స్థలమెంత, అద్దెలెంత, ఆ డబ్బులో మందులకు వెళ్తున్నదెంత అన్న లెక్కను ఏటా సంఘ సభ్యుల ముందు చదివి వినిపించాలని అన్ని సినడుల పెద్దలనూ ఈ పేజీ ద్వారా అడుగుతున్నాం.