ఆధునిక తెలుగు సమాజంలో బాల్యం: మారిన అనుభవం

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు బాల్యం అనే భావన కాలాన్నిబట్టి ఎలా మారిందో, ఆ మార్పులో చట్టం, బడి, పుస్తకం నిర్వహించిన పాత్ర ఏమిటో, ఆ మార్పు పిల్లలందరికీ ఒకేసారి ఎందుకు అందలేదో వివరించగలుగుతారు.

2. పరిచయం

పిల్లలు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. కాని బాల్యమంటే చదువుకోవలసిన, ఆడుకోవలసిన వయసు అని, ఆ వయసులో సంపాదన, సంసారం అనే బరువులు ఉండకూడదని అనుకోవడం ఇటీవలి సంగతి. ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ ఆరియెస్ 1960లో వెలువరించిన గ్రంథంలో, మధ్యయుగపు ఐరోపాలో బాల్యాన్ని ప్రత్యేక దశగా చూసే భావన లేదని వాదించాడు. తరువాతి చరిత్రకారులు చాలామంది ఈ వాదనను పూర్తిగా అంగీకరించలేదు. అయినా బాల్యానికి కూడా ఒక చరిత్ర ఉందన్న ఆలోచన స్థిరపడింది. ఆ చరిత్రను ఇక్కడ తెలుగు ప్రాంతాల అనుభవం నుంచి పరిశీలిద్దాం.

3. పెళ్లి, పని: 19వ శతాబ్దపు బాల్యం

గురజాడ అప్పారావు రాసిన 'కన్యాశుల్కం' నాటకాన్ని మీరు చదివే ఉంటారు. 1897లో అచ్చయిన ఆ నాటకానికి ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాట చరిత్ర విద్యార్థికి విలువైన ఆధారం. విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారుచేయించారు. అందులో 1,034 పెళ్లిళ్లు నమోదయ్యాయి. వీటిలో పెళ్లికూతురి వయసు ఐదేళ్లుగా ఉన్నవి 99, నాలుగేళ్లుగా ఉన్నవి 44, మూడేళ్లుగా ఉన్నవి 36, రెండేళ్లుగా ఉన్నవి 6. మరో మూడింటిలో పెళ్లికూతురు ఏడాది పిల్ల.

ఈ అంకెలను చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోండి. సొమ్ము పుచ్చుకున్నామని ఒప్పుకునేవారు తక్కువ కాబట్టి జాబితా అసంపూర్ణం. పైగా అది ఒక జిల్లాలోని ఒక కులానికి సంబంధించినది. ఇలాంటి పెళ్లి జరిగిన పిల్ల, భర్త చనిపోతే ఊహ తెలియకముందే వితంతువు అయ్యేది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది ఈ స్థితికి ఎదురునిలిచే.

శ్రమజీవుల ఇళ్లలో బాల్యం మరో తీరుగా గడిచేది. చేనేత, కుమ్మరం వంటి వృత్తుల్లో పిల్లలు పెద్దల పక్కన కూర్చుని పని నేర్చుకునేవారు. అప్పు తీర్చలేని కూలీ తన కొడుకును ఆసామి ఇంట జీతానికి పెట్టేవాడు. ఆ పిల్లవాడు పశువులు కాస్తూ, పేడ ఎత్తుతూ పెరిగేవాడు. ఈ రెండూ పిల్లల పనే అయినా ఒకటి కాదు. మొదటిదాంట్లో విద్య చేతికొచ్చేది. రెండోదాంట్లో అప్పు మాత్రమే మిగిలేది.

4. చట్టం గీసిన గీతలు

బాల్యం ఎక్కడ ముగుస్తుందో ఆధునిక రాజ్యం వయసు అంకెలతో నిర్ణయించడం మొదలుపెట్టింది. 1881 ఫ్యాక్టరీల చట్టం ఏడేళ్లలోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో పెట్టుకోకూడదంది. 1891లో ఆ వయసు తొమ్మిదికి పెరిగింది. 1929లో ఆమోదం పొందిన శారదా చట్టం ఆడపిల్లల కనీస వివాహ వయసును 14గా, మగపిల్లలకు 18గా నిర్ణయించింది. 1978 సవరణతో అవి 18, 21 అయ్యాయి.

రాజ్యాంగంలోని 24వ అధికరణం 14 ఏళ్లలోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ఇతర ప్రమాదకరమైన పనుల్లో నియమించడాన్ని నిషేధించింది. 1986 బాలకార్మిక చట్టం కూడా కొన్ని పనులనే నిషేధించి, మిగిలినవాటిని నియంత్రించడంతో సరిపెట్టింది. పొలం పని, ఇంటి చాకిరీ చేసే అసంఖ్యాకమైన పిల్లలు దాని నిషేధం బయటే ఉండిపోయారు.

5. బడి, పుస్తకం

పిల్లలకు వారిదైన లోకం ఒకటి ఉండాలన్న భావన అచ్చు ద్వారా, రేడియో ద్వారా బలపడింది. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో 'బాల' పత్రికను ప్రారంభించారు. 1947 జులైలో 'చందమామ' వచ్చింది. అయితే పత్రిక చదవాలంటే ముందు అక్షరం రావాలి, కొనాలంటే చేతిలో డబ్బుండాలి. కనుక ఈ కొత్త బాల్యం మొదట మధ్యతరగతి ఇళ్లకే చేరింది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాల, ఆ తరహాలో తరువాత వచ్చిన సాంఘిక సంక్షేమ గురుకులాలు పేద పిల్లలకు కొంతమేర తలుపు తెరిచాయి.

6. ఎవరి బాల్యం?

పేదరికం వల్లే పిల్లలు పనికి పోతున్నారనీ, అది పోయేదాకా ఏమీ చేయలేమనీ చాలాకాలం వినిపించిన వాదన. 1990వ దశకంలో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ దీన్ని ఎదుర్కొంది. శాంతా సిన్హా నాయకత్వంలోని ఈ సంస్థ, బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడేనని ప్రకటించింది. పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. తల్లిదండ్రులు ఎంత పేదవారైనా చదువు కోరుకుంటారని ఈ అనుభవం చూపింది.

మార్పు మాత్రం సమానంగా రాలేదు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సంకర పత్తి విత్తనాల సాగు పెరిగినప్పుడు, పూలకు 'క్రాసింగ్' చేసే పనికి ఎక్కువగా ఆడపిల్లలనే పెట్టారు. అంటే ఆధునిక వ్యవసాయమే పాత అసమానతను కొత్తగా వాడుకుంది. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువును హక్కుగా చేసింది. 2016 సవరణ 14 ఏళ్లలోపువారిని పనిలో పెట్టడాన్ని నిషేధించినా, బడి వేళల తరువాత కుటుంబ పనులకు సహాయపడటాన్ని మినహాయించింది.

బడికి చేరిన బాల్యానికీ తన బరువులున్నాయి. పని నుంచి విముక్తి పొందిన పిల్లవాడు ర్యాంకుల కోసం హాస్టల్ గదిలో తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా చదువుతున్నప్పుడు, ఆటకు చోటెక్కడ అన్న ప్రశ్న మళ్లీ వస్తుంది.

7. సారాంశం

బాల్యం అందరికీ సమానంగా దక్కిన ప్రకృతి వరం కాదు. సంస్కర్తలు, చట్టాలు, బడులు, తల్లిదండ్రుల ఆశలు కలిసి దాన్ని విస్తరించాయి. కులం, లింగం, ఆస్తి దాన్ని కొందరికి ఆలస్యం చేశాయి. మీలో కొందరు పని కోసమో, పెళ్లి వల్లనో బడి మానేసి, ఇప్పుడు మళ్లీ పుస్తకం పట్టినవారై ఉండవచ్చు. మీ చదువు మధ్యలో ఆగడం మీ ఒక్కరి వైఫల్యంగా చూడకండి. అది ఈ చరిత్రలో భాగం.

8. అభ్యాసం

1. 'కన్యాశుల్కం' ముందుమాటలోని అంకెలు చారిత్రక ఆధారంగా ఎంతవరకు ఉపయోగపడతాయి?
2. 1881 నుంచి 2016 వరకు వచ్చిన చట్టాలు బాల్యపు ఎల్లలను ఎలా మార్చాయి?
3. మీ కుటుంబంలో మూడు తరాలవారిని, పదేళ్ల వయసులో వారి రోజు ఎలా గడిచిందో అడిగి రాయండి. స్త్రీలు, పురుషులు చెప్పినవాటిని పోల్చండి.