ప్రసారానికి సరిహద్దు గీసేదెవరు? ఇంటి ప్రాక్సీ వెనుక ఉన్న చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు ఈ కింది విషయాలను వివరించగలుగుతారు:
• 1975 నుంచి టెలివిజన్ ప్రసారాల పరిధి ఏయే కారణాల వల్ల మారుతూ వచ్చింది
• ప్రాంతాలవారీ ప్రసార హక్కులకు, ఇంటర్నెట్ చిరునామాకు ఉన్న సంబంధం
• ఇంటి ప్రాక్సీ పనిచేసే విధానం, దానికి ఉన్న పరిమితులు
• దీనివల్ల తలెత్తే చట్టపరమైన ప్రశ్నలు

1. పరిచయం

విద్యానగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ అన్న పేర్లు వినగానే హైదరాబాద్ తెలిసినవారికి చదువులే గుర్తుకొస్తాయి. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, విద్యానగర్‌కు ఆనుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇక్కడ చదువుకొని అమెరికాకో, ఆస్ట్రేలియాకో, గల్ఫ్ దేశాలకో వెళ్లినవారు ఎందరో ఉన్నారు. తల్లిదండ్రులు ఇక్కడ, పిల్లలు అక్కడ ఉండే కుటుంబాలు మీకూ తెలిసే ఉంటాయి.

అలా వెళ్లినవారికి ఒక అనుభవం ఎదురవుతుంది. ఇక్కడ చందా కట్టి చూసిన యాప్‌ను అక్కడ తెరిస్తే, ఈ కార్యక్రమం మీ ప్రాంతంలో అందుబాటులో లేదని తెరపై కనిపిస్తుంది. చందా అదే, మనిషీ అదే. మారింది చోటు మాత్రమే. దీనికి కొందరు ఎంచుకున్న ఉపాయమే ఇంటి ప్రాక్సీ. అంటే తల్లిదండ్రుల ఇంట్లో ఒక చిన్న కంప్యూటర్ పెట్టి, దాని ద్వారా విదేశంలో టీవీ చూడటం.

ఇది సాంకేతిక విషయం కదా, చరిత్రలో దీనికి చోటెందుకని మీకు సందేహం కలగవచ్చు. ప్రసారానికి సరిహద్దు అనేది మొదటినుంచీ ఉంది. అయితే ఆ సరిహద్దును గీసే శక్తి కాలానుగుణంగా మారింది. ఆ మార్పును గమనిస్తే ఇంటి ప్రాక్సీ ఎందుకు పుట్టిందో తేలికగా అర్థమవుతుంది.

2. సంకేతం అందినంత మేర

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. తెలుగు పల్లెలకు అది పెద్ద ఎత్తున చేరింది 'సైట్' అనే ఉపగ్రహ బోధన ప్రయోగంతో. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు జరిగిన ఈ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. వాటిని తయారుచేసిన కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. ఆ ఉపగ్రహం అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందినది. ఒప్పందం ప్రకారం ఏడాది మాత్రమే మనకు అందుబాటులో ఉంది. గడువు తీరగానే ప్రయోగం ముగిసింది. పల్లెలో టీవీ పెట్టె ఉన్నా, అందులో ఏం కనబడాలో నిర్ణయించే శక్తి మరొకచోట ఉంటుందని ఆనాడే తెలిసింది.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. విద్యానగర్ నుంచి ఎంతో దూరంలేని రామంతాపూర్‌లో ఆ కేంద్రం ఉంది. అప్పట్లో సరిహద్దు గీసింది భౌతికశాస్త్రమే. టవర్ నుంచి దూరం పెరిగేకొద్దీ బొమ్మ మసకబారేది. ఇంటి మీద యాంటెనాను ఇంకాస్త ఎత్తులో కట్టడం తప్ప ప్రేక్షకుడు చేయగలిగింది ఏమీ లేదు. కానీ సంకేతం అందిన చోట మాత్రం నీవెవరు, ఎక్కడివాడవు అని అడిగేవారు లేరు.

3. 1995: ఒకే సంవత్సరంలో రెండు దారులు

తెలుగు ప్రసారాల చరిత్రలో 1995 కీలకమైన సంవత్సరం. ఆ ఏడాది ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారాలకు సంబంధించిన కేసులో తీర్పు ఇస్తూ, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించింది. ప్రసారాలపై ప్రభుత్వ గుత్తాధిపత్యం సరికాదన్న భావనకు ఆ తీర్పు బలం చేకూర్చింది. అదే ఏడాది కేబుల్ టీవీ నియంత్రణ చట్టం వచ్చింది. తెలుగులో జెమిని టీవీ, ఈటీవీ మొదలైందీ ఆ సంవత్సరమే. ఉపగ్రహం నుంచి వచ్చే ఈ ఛానళ్లను కేబుల్ ఆపరేటర్లు గల్లీగల్లీకి చేర్చారు.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించింది. అప్పట్లో ఈ రెండు దారులకూ సంబంధం లేదు. ఇంటర్నెట్ వేగం వీడియోకు ఏమాత్రం సరిపోయేది కాదు. తరువాత దాదాపు రెండు దశాబ్దాలకు ఈ దారులు కలిశాయి. మన అంశం పుట్టింది ఆ కూడలిలోనే.

4. దూరదేశంలో తెలుగు తెర

1965లో అమెరికా వలస చట్టం మారిన తరువాత తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు అక్కడికి వెళ్లడం పెరిగింది. తెలుగు సినిమా చూడాలంటే వారికి చాలాకాలం వీడియో క్యాసెట్టే ఆధారం. భారతీయ సరుకుల దుకాణంలో పప్పులు, పచ్చళ్లతో పాటు క్యాసెట్లూ అద్దెకు దొరికేవి. తరువాత ఉపగ్రహ డిష్‌లు, ఆపైన ఇంటర్నెట్ వచ్చాయి. ఉదయ్ రెడ్డి 2006లో స్థాపించిన యప్ టీవీ ఇంటర్నెట్ ద్వారా భారతీయ ఛానళ్లను విదేశాల్లోని వారికి అందించింది.

ఇంట్లోని టీవీనే దూరం నుంచి చూడాలన్న ఆలోచన మాత్రం అమెరికాలో ముందుగా ఒక వస్తువు రూపం పొందింది. అభిమాన బేస్‌బాల్ జట్టు ఆటలను ప్రయాణాల్లో చూడలేకపోయిన క్రికోరియన్ సోదరులు 2005లో 'స్లింగ్‌బాక్స్' అనే పరికరాన్ని మార్కెట్లోకి తెచ్చారు. ఇంటి సెట్‌టాప్ బాక్స్‌కు తగిలిస్తే, అందులోని బొమ్మను అది ఇంటర్నెట్ ద్వారా యజమానికి పంపేది. 2022లో దాని సర్వర్లను మూసివేశారు. దాంతో కొనుక్కున్న పెట్టె ఇంట్లో ఉన్నా పనికిరాకుండా పోయింది. 'సైట్' ముగిసినప్పుడు చూసిన పరిస్థితే ఇక్కడా కనిపిస్తుంది.

5. ఒప్పందం గీసిన గీత

ఇంటర్నెట్‌కు టవర్ హద్దు లేదు, ఉపగ్రహ సంకేతం పడే ప్రాంతం అనే హద్దూ లేదు. మరి కొత్త సరిహద్దు ఎక్కడినుంచి వచ్చింది? సమాధానం హక్కుల అమ్మకంలో ఉంది. సినిమా లేదా ఆటల ప్రసార హక్కులను దేశాలవారీగా విడగొట్టి అమ్మితే మొత్తం ఆదాయం పెరుగుతుంది. 2022లో జరిగిన ఐపీఎల్ వేలంలో 2023–27 కాలానికి హక్కులు మొత్తం 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. భారత ఉపఖండంలో టీవీ హక్కులు ఒకరికి, డిజిటల్ హక్కులు మరొకరికి, విదేశాల హక్కులు ప్రాంతాలవారీగా వేరుగా వెళ్లాయి. హైదరాబాద్‌లో మ్యాచ్ చూపే సంస్థకు డాలస్‌లో అదే మ్యాచ్ చూపే హక్కు లేకపోవచ్చు.

ఈ ఒప్పందాన్ని అమలుచేయడానికి ప్రేక్షకుడు ఎక్కడున్నాడో తెలియాలి. అందుకు ఐపీ చిరునామా సాధనమైంది. ఇంటర్నెట్‌కు కలిసే ప్రతి కనెక్షన్‌కూ ఉండే ఈ సంఖ్య ఏ దేశపు సంస్థకు కేటాయించినదో చూసి, యాప్ తలుపు తీస్తుంది లేదా మూస్తుంది. మనిషి పౌరసత్వాన్ని గానీ, కట్టిన చందాను గానీ అది పరిగణించదు.

దీన్ని దాటడానికి చాలామంది వీపీఎన్ సేవలను ఆశ్రయించారు. 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ ఇలాంటి దొడ్డిదారులను అడ్డుకుంటామని ప్రకటించింది. డేటా సెంటర్లలోని చిరునామాలను గుర్తించి ఆపడం సులువు. మామూలు ఇంటి చిరునామాను గుర్తించడం కష్టం. ఇంటి ప్రాక్సీ వైపు కొందరు మొగ్గడానికి ఇదే ముఖ్య కారణం.

6. ఇంటి ప్రాక్సీ పనిచేసే విధానం

ప్రాక్సీ అంటే మన తరఫున మరొకరు అడిగి తెచ్చిపెట్టడం. ఉదాహరణకు, అశోక్‌నగర్ ఇంట్లోని రౌటర్‌కు రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్‌ను కలుపుతారు. విదేశంలోని కొడుకో కూతురో పంపిన అభ్యర్థన గుప్తలిపిలో ఆ కంప్యూటర్‌కు చేరుతుంది. అది టీవీ సంస్థను అడిగి, వచ్చిన వీడియోను తిరిగి పంపుతుంది. టీవీ సంస్థకు కనిపించేది అశోక్‌నగర్ చిరునామాయే.

దీనికి మూడు అవసరాలున్నాయి. మొదటిది అప్‌లోడ్ వేగం. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్లనే కనీస వేగంగా నిర్వచించింది. అంత తక్కువ వేగంతో ఇంటినుంచి స్పష్టమైన వీడియోను పంపడం సాధ్యం కాదు. ఫైబర్ కనెక్షన్లు ఇళ్లకు వచ్చాకే అది వీలైంది. రెండవది బయటినుంచి చేరుకోగల చిరునామా. పాత పద్ధతిలో చిరునామాలు సుమారు 430 కోట్లే. కేంద్ర నిల్వలోని చివరి భాగాలను 2011 ఫిబ్రవరిలో పంచేశారు. అందువల్ల చాలా ఇంటర్నెట్ సంస్థలు ఒకే చిరునామాను అనేక ఇళ్లకు పంచుతాయి. అలాంటి కనెక్షన్‌లో బయటినుంచి నేరుగా ఇంటి కంప్యూటర్‌ను చేరలేం. మూడవది ఇంట్లో ఉన్న మనిషి. కరెంటు పోయి వచ్చినప్పుడు పెట్టె తిరిగి పనిచేయకపోతే, ఫోన్‌లో చెప్పినట్లు స్విచ్ వేసేది అమ్మో నాన్నో. ఈ ఏర్పాటు అంతిమంగా వారి ఓపిక మీద ఆధారపడి ఉంటుంది.

7. చట్టం, బాధ్యత

మన కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. అందులో ప్రాక్సీ అనే మాట లేదు. చందా కట్టి చూసేవారికి ఆ ఉద్దేశం ఉన్నట్లా అన్నది వాదనకు తావున్న ప్రశ్న. అయితే ఇది సేవా సంస్థ షరతులకు విరుద్ధం కావచ్చు. అప్పుడు ఖాతా రద్దు కావచ్చు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2016లో సవరించిన చట్టం, నేరం చేయడానికి ఐపీ చిరునామాను మరుగుపరచినవారికి 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా విధించింది. గల్ఫ్‌లో పనిచేసే మనవారు ఇది తేలిగ్గా తీసుకోదగిన విషయం కాదు.

మరొక ప్రమాదం ఇంటివైపు ఉంది. గట్టి పాస్‌వర్డ్ లేని ప్రాక్సీని అపరిచితులు వాడుకుంటే, వారు చేసే తప్పులకు ఆనవాలుగా మిగిలేది తల్లిదండ్రుల ఇంటి చిరునామా.

యూరోపియన్ యూనియన్ ఈ సమస్యను మరోలా ఎదుర్కొంది. 2018 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధన ప్రకారం, ఒక సభ్యదేశంలో చందా కట్టినవారు మరో సభ్యదేశానికి తాత్కాలికంగా వెళ్లినప్పుడు అదే సేవను అక్కడా చూడవచ్చు. ఒప్పందం గీసిన గీతను చట్టం కొంత సడలించగలదని దీనివల్ల మీరు గ్రహించవచ్చు. స్థిరపడిన వలసదారులకు మాత్రం ఇది వర్తించదు.

8. సారాంశం

ప్రసారపు సరిహద్దును మొదట టవర్, తరువాత ఉపగ్రహం, ఇప్పుడు హక్కుల ఒప్పందం నిర్ణయిస్తున్నాయి. మొదటి రెండింటిలో సంకేతం అందకపోవడం సమస్య. ఇప్పుడు సంకేతం అందుతుంది, అనుమతి అందదు. మనిషి ఊరు ఏదన్న ప్రశ్నకు కుటుంబం ఒక జవాబు చెబుతుంది, ఐపీ చిరునామా మరొకటి చెబుతుంది. ఈ రెండు జవాబుల మధ్య ఉన్న ఎడంలోనే ఇంటి ప్రాక్సీ పుట్టింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 'సైట్' ప్రయోగం, స్లింగ్‌బాక్స్ ముగిసిన తీరులో ఉన్న పోలిక ఏమిటి?
2. తెలుగు ప్రసారాల చరిత్రలో 1995 ప్రాధాన్యాన్ని వివరించండి.
3. మీ కుటుంబంలో గానీ, మీ వీధిలో గానీ విదేశంలో ఉన్నవారు 1990కి ముందు, ఇప్పుడు తెలుగు కార్యక్రమాలను ఎలా చూశారో అడిగి తెలుసుకొని, 20 పంక్తుల్లో రాయండి.