నీళ్ళు దాటిన బండ్లు

ఎం.టి.లో పనిచేసిన వారికి ఫోర్డింగ్ డ్రిల్లు కొత్తేమీ కాదు. ముందు దిగి నడిచి లోతు చూడు, ఫ్యాన్ బెల్టు తియ్యి, ఫస్టు గేరులో దించు, మధ్యలో గేరు మార్చకు, అవతల ఒడ్డున బ్రేకులు తొక్కి ఆరబెట్టు - ఇలా ఉస్తాద్ గారు బట్టీ పట్టించేవారు. ఎందుకని అడిగే ధైర్యం మనకెక్కడిది! జవాబు మాత్రం చరిత్రలో ఉంది.

1944 జూన్ 6న నార్మండీలోని ఒమాహా బీచి మీద దాడికి అమెరికన్ల 741వ ట్యాంకు బెటాలియన్ బయల్దేరింది. చుట్టూ కాన్వాసు తెర కట్టి నీటిలో తేలేలా చేసిన షెర్మన్ ట్యాంకులవి. నిలకడ నీటిలో బాగానే తేలేవి. ఆ ఉదయం సముద్రం పోటెత్తి ఉంది. అయినా ఒడ్డుకి సుమారు 5 కిలోమీటర్ల దూరంలోనే 29 ట్యాంకుల్ని దించేశారు. కెరటాల దెబ్బకి తెరలు కూలి 27 మునిగిపోయాయి. పక్కనే వస్తున్న 743వ బెటాలియన్‌వీ అవే ట్యాంకులు. కాని వాళ్ళు అల చూసి, నీళ్ళలోకి దించకుండా నౌకల్లోనే ఒడ్డు దాకా తీసుకుపోయారు. తేడా అంతా ఆ ఒక్క నిర్ణయంలోనే ఉంది.

మనవాళ్ళ కథ 1971 డిసెంబరుది. ఆశుగంజ్ వద్ద మేఘనా వంతెనను శత్రువు పేల్చేశాడు. లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ జవాన్లను హెలికాప్టర్లలో దాటించారు. పి.టి.-76 ట్యాంకులు మాత్రం ఈదాల్సిందే. 14 టన్నుల ఆ బండి ఈదడానికే పుట్టింది, సరే. కాని మేఘనా అంటే మన ఊరి వాగా? అరగంట ఈదేసరికి ఇంజన్లు వేడెక్కిపోయేవి. అప్పుడు స్థానిక ప్రజలే నాటు పడవలతో లాగి సాయపడ్డారు. యుద్ధ చరిత్రల్లో ఆ పడవవాళ్ళకి ఇంకొంచెం చోటివ్వాల్సిందని నా అభిప్రాయం.

మామూలు బండి సంగతి వేరు. గాలి పీల్చే గొట్టంలోకి నీరు పోతే సిలిండరులో గాలిలా నలగదు. కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. అందుకే నీళ్ళలో ఆగిపోయిన ఇంజన్ని మళ్ళీ స్టార్టు చెయ్యకూడదు. నేనూ ఒకసారి వాగు దాటిన సంబరంలో బ్రేకులు ఆరబెట్టడం మరిచి, కిలోమీటరు దూరంలో కల్వర్టు గోడకి కొట్టాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, ఉస్తాద్ గారి ముందు నిలబడ్డం అంతకంటే కష్టమైంది!

ఇప్పుడు మా ఊరి చప్టా మీద వాన నీరు మోకాలి లోతున పారుతుంటే, కుర్రాళ్ళు కార్లతో వచ్చి "అంకుల్, పోవచ్చా?" అంటారు. పారే నీరు ఆ లోతుంటే కారుని తేల్చేస్తుంది. కీ తీసి జేబులో పెట్టుకోమంటాను, వాగు తగ్గేదాకా మా అరుగు మీద టీ తాగమంటాను.