జాన్‌పహాడ్: పేర్లలో నిలిచిన చరిత్ర

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల బడులలో హాజరుపట్టీలు తిరగవేస్తే సైదులు, సైదమ్మ, సైదయ్య, సైదిరెడ్డి, సైదానాయక్ అనే పేర్లు తరచుగా కనబడతాయి. ఈ పేర్లు గలవారు చాలామంది ముస్లిములు కారు. ‘సయ్యద్’ అనే అరబ్బీ మాటకు తెలుగు ‘లు’ ప్రత్యయం గౌరవార్థంలో చేరి, రైతుల ఇళ్ళలో, లంబాడీ తండాలలో పిల్లల పేరయింది. ఈ ఆచారానికి మూలస్థానం కృష్ణానదికి చేరువన, పాలకీడు మండలంలో ఉన్న చిన్న గ్రామం జాన్‌పహాడ్. సంతానం లేనివారు అక్కడి దర్గాలో మొక్కుకుంటారు. బిడ్డ పుడితే ఆ పేరు పెట్టుకుంటారు.

అక్కడ సమాధి అయిన హజ్రత్ జాన్‌పాక్ షహీద్ (రహ్మతుల్లాహి అలైహి) యుద్ధంలో అమరులయ్యారనీ, అది జరిగి సుమారు నాలుగు శతాబ్దాలయిందనీ స్థానికులు చెప్పుకుంటారు. అదే నిజమయితే అది కుతుబ్‌షాహీల కాలమవుతుంది. గోల్కొండ నుండి మచిలీపట్నం రేవుకు పోయే బాట ఈ సీమ మీదుగానే సాగేది. సిపాయిలు, వర్తకులు, ఫకీర్లు నడిచిన దారి అది. కనుక కథ అసంభవమేమీ కాదు. కాని సంభవమన్నంత మాత్రాన సాక్ష్యమనిపించుకోదు.

గ్రామనామాన్ని సాక్ష్యంగా తెచ్చేవారున్నారు. ‘పహాడ్’ అంటే కొండ గనుక ఊరికి ముస్లిములే పేరు పెట్టారని వారి వాదం. ఇక్కడ తొందరపడరాదు. సూర్యాపేట సమీపాన కాకతీయుల నాటి శివాలయాలున్న నాగులపాడును నాగులపహాడ్ అని కూడా అంటారు. తెలుగు ‘పాడు’ ఫార్సీ రాతలో ‘పహాడ్’గా మారడానికి అవకాశమున్నదన్నమాట. ఇటువంటి పొరపాటు ఐరోపాలోనూ జరిగింది. పదవ శతాబ్దంలో అరబ్బులు ఆల్ప్స్ కనుమలను కొంతకాలం తమ అదుపులో ఉంచుకున్నారు. 972లో క్లూనీ మఠాధిపతి మయోలస్‌ను బంధించారు కూడా. అంతవరకు చరిత్ర. దానిని ఆధారం చేసుకొని స్విట్జర్లాండులోని సాస్ లోయలో అల్లాలిన్ వంటి కొండల పేర్లన్నీ అరబ్బీవేనని 19వ శతాబ్దపు రచయితలు వ్రాశారు. తరువాతి పండితులలో పలువురు దానిని ఒప్పుకోలేదు. అభిమానం ఎక్కువైనచోట పరిశోధన తడబడుతుంది.

ఊరి పేరుకంటె మనుషుల పేర్లే ఇక్కడ గట్టి సాక్ష్యం. వాటితోపాటు ఉర్సు తేదీ కూడా. సాధారణంగా ఉర్సు వఫాత్ తేదీని బట్టి హిజ్రీ మాసంలో జరుగుతుంది, అందుచేత ఏటేటా వెనుకకు జరుగుతూ ఉంటుంది. జాన్‌పహాడ్ ఉర్సు మాత్రం ఏటా జనవరి మాసంలోనే వస్తుంది. ఖరీఫ్ పంట ఇల్లు చేరి, రైతు చేతిలో నాలుగు డబ్బులాడే రోజులవి. అంటే ఈ ఉత్సవాన్ని చంద్రుడు కాదు, సేద్యం నడిపిస్తున్నది. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వదిలాక మెట్టభూములు వరిపొలాలయ్యాయి, మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణమయింది. ఉర్సు జనవరిలోనే నిలిచింది.

1948 సంగతి మరువరాదు. రజాకార్ల దౌర్జన్యాలకు ఈ తాలూకాల పల్లెలు నలిగిపోయాయి. సెప్టెంబరు 13న విజయవాడ వైపునుండి భారతసేనలు కోదాడ చేరాయి. సూర్యాపేటపై విమానదాడి జరిగింది. వెనుదిరిగిన నిజాం సేన మూసీ వంతెనను కూల్చింది. సంస్థానంలో, విశేషించి మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాలలో, వేలాది ముస్లిములు హతులయ్యారని సుందర్‌లాల్ సంఘం నివేదించింది. ఇంత జరిగిన తరువాత ఒక రైతు తన బిడ్డకు సయ్యద్ పేరు పెట్టుకోకపోయినా ఆశ్చర్యపడనక్కరలేదు. కాని ఆ తరువాత పుట్టిన తరాలలోనూ సైదులు, సైదమ్మలు తగ్గలేదు.

మొక్కుబడులు, కందూర్ల విషయంలో ధర్మనిర్ణయం స్పష్టమే. మొక్కు, దుఆ అల్లాహ్‌కే చెందాలి. సమాధుల సందర్శన పరలోకాన్ని గుర్తుచేసుకోవడానికే ప్రవక్త (స) అనుమతించారు. ఇది చెప్పవలసిన మాటే, ముస్లిములకు మొదట చెప్పవలసిన మాట. అయితే బిద్అత్ అని ఒక ఆచారాన్ని విడిచిపెట్టేవారు దాని చరిత్రను కూడా పారవేయనక్కరలేదు. జాన్‌పహాడ్‌లో వృద్ధులకు తెలిసిన కథలను, ఎవరు చెప్పారో, ఏ సంవత్సరంలో చెప్పారో గుర్తించి వ్రాసిపెట్టే పని ఒక విద్యార్థి ఒక్క వేసవిలో చేయగలడు.