లియరు రాజు కుటుంబము

వృద్ధుడైన తండ్రి తన యాస్తిని బిడ్డలకు పంచియిచ్చి, పిమ్మట వారి వాకిండ్ల యొద్ద నిలువవలసి వచ్చుట యే దేశమునందైనను వినబడు కథయే. ఆంగ్ల మహాకవి షేక్స్పియరు రచించిన “లియరు రాజు” అను విషాదాంత నాటకమునకు ఈ కథయే ప్రాణము. ఇది 1606వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీని మొదటి జేమ్సు రాజు కొలువులో ప్రదర్శింపబడి, 1608లో అచ్చుపడెను. ఇతివృత్తము కవి కల్పితము కాదు. 12వ శతాబ్దమున జాఫ్రీ యను నతడు లాటిను భాషలో వ్రాసిన బ్రిటను రాజుల చరిత్రమునందే లియరును, అతని మువ్వురు కూతుండ్రును గలరు. అందు కడగొట్టు కూతురు తండ్రికి రాజ్యమును మరల సంపాదించి యిచ్చును. షేక్స్పియరు ఆ యూరటను తీసివేసెను.

ఆ కాలపు ఇంగ్లండులో ఈ భయము సామాన్య గృహస్థులకును ఉండెను. భూమిని బిడ్డలకు వ్రాసియిచ్చు ముసలివారు, తమకు ఇంత ధాన్యము, ఒక గది, పొయ్యిలోనికి కట్టెలు ఇయ్యవలెనని పత్రములు వ్రాయించుకొనుచుండిరి. పేదలైన తలిదండ్రులను శక్తిగల బిడ్డలు పోషింపవలెనని 1601వ సంవత్సరపు శాసనము నిర్ణయించెను. ప్రేమ యొక్కటే చాలునని లోకము నమ్మియుండినచో, ఇట్టి పత్రములతోను శాసనములతోను పనియేమి?

1603లో కెంటు మండలమున జరిగిన వ్యవహార మొకటి గమనింపదగినది. ఎలిజబెత్తు రాణి కొలువు చేసిన బ్రయను ఆన్స్లీ యను వృద్ధునకు మువ్వురు కుమార్తెలు. తండ్రికి మతిభ్రమ కలిగినదని నిర్ణయింపజేసి యాస్తిని స్వాధీనపరచుకొనుటకు పెద్ద కుమార్తె పక్షము ప్రయత్నించెను. కార్డెలు అను కడపటి కుమార్తె, చిరకాలము రాణిని సేవించిన తన తండ్రికి ఇట్టి యవమానము కూడదని మంత్రి సిసిలునకు లేఖ వ్రాసెను. నాటకమునకు ఇదియే మూలమని చెప్పుటకు ఆధారము లేదు. అయినను ఇట్టి కలహము రాజుల పురాణములలోనే గాక, ఆనాటి పెద్ద యిండ్లలోను కలదని దీనివలన తెలియుచున్నది.

పెద్ద కుమార్తెల కృతఘ్నతను నిందించి మనము పుస్తకమును మూసివేయుట సులభము. కాని మొదటి తప్పు తండ్రిది కాదా? అతడు నిండుకొలువులో బిడ్డల ప్రేమను వేలమునకు పెట్టెను. ఎవరు మిక్కిలిగా పొగడుదురో వారికి మిక్కిలి భూమి. గోనెరిలు, రీగనులు అడిగిన వెలను మాటలతో చెల్లించిరి. కార్డీలియా మాత్రము, బిడ్డగా తనకు విధియైనంత ప్రేమింతుననియు, వివాహమైన పిదప అందు సగము భర్తదగుననియు నిజము చెప్పి, కట్నము లేక వెడలగొట్టబడెను. రాజ్యభారమును వదలినవాడు అధికారమును వదలలేక నూర్గురు భటులను ఉంచుకొనెను. కూతుండ్రు ఆ నూరును ఏబదికిని, ఇరువదియైదునకును తగ్గించి, తుదకు ఒక్కడైనను ఏలయనిరి. తండ్రి ప్రేమను కొలిచిన కొలబద్దతోనే వారు తండ్రిని కొలిచిరి.

గ్లోస్టరు ప్రభువు గృహమునందును ఇదియే పాఠము. అక్రమసంతానమైన ఎడ్మండు వినుచుండగనే అతని పుట్టుకను గూర్చి తండ్రి పరిహాసమాడెను. ఆ కుమారుడే దొంగలేఖ పుట్టించి అన్నను వెడలగొట్టించి, తండ్రిని శత్రువుల కప్పగించెను. కుమారుని ద్రోహమును మనము క్షమింపనక్కరలేదు. కాని ఆ ద్రోహమునకు విత్తనము ఎవరు చల్లిరో మరువరాదు.

1681లో నాహము టేటు ఈ నాటకమును తిరుగవ్రాసి, లియరును బ్రతికించి, కార్డీలియాకు ఎడ్గారుతో వివాహము చేసెను. సుమారు నూటయేబది యేండ్లు ఆంగ్ల ప్రేక్షకులు ఆ మంగళాంతమునే యాదరించిరి. విమర్శకాగ్రేసరుడగు జాన్సను సైతము కార్డీలియా మరణమును మరల చదువజాలక పోయితినని 1765లో ఒప్పుకొనెను. 1838లో మాక్రెడీ యను నటుడు మూలకథను రంగమునకు మరల తెచ్చెను.

తెగిన బంధము చివర నెట్లో అతుకుకొనునని నమ్ముట మనకును ఇష్టమే. లియరు క్షమాపణ వేడెను, కార్డీలియా క్షమించెను. కాని కాలము మించిపోయెను. ఇంటిలో నిజము పలికిన బిడ్డను మనము నేడు ఏ దృష్టితో చూచుచున్నాము? కొలువు తీరకమునుపే ప్రతి గృహస్థుడును ఈ ప్రశ్న వేసికొనవలెను.