సర్వర్ పాస్‌వర్డ్ మర్చిపోయారా? బోర్డు మీది జంపర్లు, స్విచ్‌లు ఇలా మార్చాలి

పాత సర్వర్ కొని ఆఫీసుకు తెస్తారు. ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. అమ్మినవాళ్లకు గుర్తుండదు. లేదంటే పాస్‌వర్డ్ పెట్టిన కుర్రాడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయి ఉంటాడు. ఖాతాలన్నీ అందులోనే ఉంటే ఆ రోజు పని ఆగినట్టే. దీనికి దారి సిస్టమ్ బోర్డు మీదే ఉంది. కానీ తొందరపడి తప్పు జంపర్ తీస్తే పాస్‌వర్డ్‌తో పాటు సెట్టింగులూ పోతాయి.

జంపర్, స్విచ్ అంటే?

బోర్డు మీద నిలబడి ఉండే సన్నని పిన్నుల్లో రెండింటిని కలిపే చిన్న ప్లాస్టిక్ టోపీయే జంపర్. లోపల లోహపు ముక్క ఉంటుంది. డిప్ స్విచ్ అంటే వరుసగా ఉండే బుల్లి స్విచ్‌లు. వాటికి ఆన్, ఆఫ్ రెండే స్థితులు.

డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్740లో

ఇందులో రెండు జంపర్లు ముఖ్యం. పాస్‌వర్డ్ జంపర్ మామూలుగా 2, 4 పిన్నుల మీద ఉంటుంది. దాన్ని 4, 6 మీదకు మార్చి ఆన్ చేస్తే పాత పాస్‌వర్డ్ పోతుంది. కొత్తది పెట్టే ముందు మళ్లీ ఆఫ్ చేసి 2, 4కు తేవాలి. రెండోది సెట్టింగులను చెరిపే జంపర్. అది 3, 5 మీద ఉంటుంది. 1, 3కు మారిస్తే బయోస్ సెట్టింగులు చెరిగిపోతాయి.

హెచ్‌పీఈ ప్రోలయంట్ డీఎల్380 జెన్10లో

ఇక్కడ 12 స్విచ్‌ల వరుస ఉంటుంది. మామూలుగా అన్నీ ఆఫ్. ఎస్5 ఆన్ చేస్తే పవర్ ఆన్ పాస్‌వర్డ్ పనిచేయదు. ఎస్6 సెట్టింగులను చెరిపేస్తుంది. ఎస్1 ఆన్ చేస్తే ఐలో భద్రత తొలగిపోతుంది. పని అయ్యాక దాన్ని ఆఫ్ చేయకపోతే తలుపు తెరిచిపెట్టినట్టే.

ఏది ముందు?

ముందు పాస్‌వర్డ్‌ది మాత్రమే మార్చండి. లోపలికి వెళ్లగలిగితే బూట్ మోడ్, రెయిడ్ సెట్టింగులను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సెట్టింగులు చెరపడం ఆఖరి మార్గం. అవి మారితే ఆపరేటింగ్ సిస్టమ్ బూట్ కాకపోవచ్చు, డిస్కులు కనిపించకపోవచ్చు. అంతమాత్రాన డేటా పోయినట్టు కాదు. ఆ కంగారులో డిస్కులను ఫార్మాట్ చేస్తేనే అసలు నష్టం.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

• బ్యాకప్ ఉందో లేదో ముందే చూసుకోండి.
• సర్వర్ షట్‌డౌన్ చేసి పవర్ కేబుళ్లన్నీ తీయండి. చాలా సర్వర్లకు రెండు పవర్ సప్లైలు ఉంటాయి, ఒక్కటే తీస్తే సరిపోదు.
• చేతికి యాంటీ స్టాటిక్ పట్టీ కట్టుకోండి.
• స్విచ్‌లను పెన్సిల్‌తో నొక్కవద్దు. దాని పొడి లోపల పడితే స్విచ్ పాడవుతుంది.
• మార్చే ముందు, తర్వాత ఫొటో తీయండి.

పిన్ నంబర్లు మోడల్‌ను బట్టి మారతాయి. మూత లోపల అతికించిన లేబుల్, కంపెనీ మాన్యువల్ చూశాకే చేయి పెట్టండి. వేరొకరి సర్వర్ అయితే యజమాని అనుమతి లేకుండా ముట్టుకోవద్దు.